ఆరు అంగుళాలు తక్కువ

కస్తూరితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే: ఆవిడ అన్నది నిజమై కూర్చుంటుంది. పాలు విరుగుతాయంటే విరుగుతాయి. అల్లుడు అలుగుతాడంటే అలుగుతాడు. ఇలాంటి మనిషితో ముప్పయ్యేళ్లు కాపురం చేసినందుకు సర్కారు తనకు విడిగా ఒక భత్యం ఇవ్వాలని అనంతరామయ్య ఉద్దేశం.

ఆ ఉదయం ఢిల్లీ ఆర్.కె.పురం క్వార్టర్లో ఆయన కొలతటేపు సంచిలో వేసుకుంటుంటే, "రిటైరయ్యే రోజు కూడా గట్లు కొలవాలా?" అంది. "నాలుగింటికి ఆఫీసులో దండ వేస్తారట. మెడ వేళకు తీసుకెళ్లండి."

"ఒక్క ఫైలుందే."

"ఆ ముసలావిడదేనా? గడ్డి నాటిన గట్టు కదలదని రెండేళ్ల కిందటే చెప్పాను."

ఆయన వినపడనట్టు మెట్లు దిగాడు.

పొట్టి మనిషి. నెత్తిన నాలుగు వెంట్రుకలు, ఎండకు కమిలిన మెడ. గుర్గావ్ చుట్టుపక్కల ఊళ్లలో, వానకు మట్టి కొట్టుకుపోకుండా పొలానికి గట్టు వేసుకున్న రైతుకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. గట్టు ముప్పై అంగుళాల ఎత్తుండాలి. ఉందని అనంతరామయ్య సంతకం పెట్టాలి. ఆయన ఎవరింట్లోనూ టీ అయినా ముట్టడు, టేపు చెప్పిందే రాస్తాడు. ఆయనొచ్చే తేదీ ముందే తెలుస్తుంది గనక, ముందురోజు ఊరంతా పారలు పట్టుకుని గట్లమీద వదులుమట్టి పోస్తారు. టేపు ముప్పై అంటుంది, ఆయనా ముప్పై అంటాడు.

భర్పాయీ మాత్రం పొయ్యలేదు. మొగుడు పోయాక నాలుగెకరాలు ఒంటిచేత్తో సాగుచేస్తున్న ఆ డెబ్బయ్యేళ్ల మనిషి, మట్టి తొక్కి గట్టిచేసి, దానిమీద మూంజ్ గడ్డి నాటింది. ఇరవైనాలుగు అంగుళాలు. రెండేళ్లూ ఆయన 'ఎత్తు చాలదు' అని రాశాడు. మూడో అర్జీ ఇప్పుడు సంచిలో ఉంది. ఇవాళ తను తేల్చకపోతే, రెండుసార్లు కొట్టేసిన ఫైలని రేపొచ్చేవాడు మూసేస్తాడు.

సోహనా బస్సు దిగి పొలాల్లోకి నడిచాడు. వారం పట్టిన వాన నిన్ననే వెలిసింది. తను ముప్పై రాసిన గట్లన్నీ కరిగి పక్కవాళ్ల సజ్జచేలల్లో పడుకున్నాయి. భర్పాయీ గట్టు ఒక్కటే, తల విరబోసుకుని, లోపల నీళ్లు నింపుకుని దర్జాగా కూర్చుంది.

ఆవిడ హుక్కా పక్కనపెట్టి లేచింది. "ఆగయా మద్రాసీ బాబు! వచ్చావుగా, కొలుచుకో. ఆరు అంగుళాలు ఇంకా తక్కువే."

"రామ్ రామ్, తాయీ." ఊరంతా ఆవిణ్ణి అలాగే, పెద్దమ్మ వరసతో పిలుస్తారు. "ఒక్కరోజు నువ్వూ నాలుగు తట్టలు మట్టి పోయించి ఉంటే పోయేదిగా?"

"గట్టు నీళ్లకోసం వేశానా, నీకోసం వేశానా?"

ఆయన అలవాటు చొప్పున కొలిచాడు. ఇరవైనాలుగే. గట్టుమీదే గొంతుకూర్చుని ఫారం తీశాడు. 'ఎత్తు తక్కువ. ఎత్తున్నవి పడ్డాయి, ఇది నిలిచింది. సబ్సిడీ ఇవ్వాలని నా సిఫారసు.' ముప్పైరెండేళ్ల సర్వీసులో ఫారం అడగని మాట రాయడం అదే మొదలు. సంతకం కింద గీత కూడా గీశాడు.

"డబ్బొస్తుంది, తాయీ."

"రానీ. రెండేళ్లు నీ ఆఫీసు మెట్లెక్కి నా మోకాళ్లు అరిగాయి. రాసిందేదో కాగితానికి చెప్పావు. నాకేమంటావ్?"

అనంతరామయ్య ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "అచ్ఛా... పొరపాటు జరిగింది."

"ఎవరివల్ల? వానవల్లా?"

రోడ్డుమీద బస్సు హారను మోగింది. ఆయన పరుగెత్తాడు. నాలుగడుగుల్లోనే ఒక కాలు బురదలో దిగబడింది. లాగితే కాలొక్కటే వచ్చింది. వెనక్కి చూసే వ్యవధి లేదు. కుంటుతూ వెళ్లి ఫుట్‌బోర్డు ఎక్కి, కమ్మీ పట్టుకుని, బస్సులో జనమంతా తలలు తిప్పేలా అరిచాడు:

"తప్పు నాదే, తాయీ! రెండేళ్లూ నాదే!"

బస్సు మలుపు తిరిగింది. గట్టు పక్కన బురదలో ఎడమకాలి బూటు, లేసు ముడి వీడకుండా, నోటినిండా నీళ్లతో నిలబడి ఉంది.