ఐదు తక్కువ చెప్పిన ఏడాది

నేను ఒక తీపి కొలిచే గొట్టాన్ని. జానెడు పొడవు కూడా ఉండను. ఒక కొసన ఏటవాలుగా కోసిన గాజు, రెండో కొసన కన్ను ఆనించే రంధ్రం. గాజు మీద ద్రాక్షరసం చుక్క వేసి, మూత మూసి, వెలుతురు వైపు తిప్పి చూస్తే లోపల పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఉంటే ఆ రసంలో తీపి అంత. నాకు ముల్లు లేదు, బ్యాటరీ లేదు, సొంత అభిప్రాయం అసలే లేదు. అయినా ఈ ఆరేళ్ళలో మనుషులు నా పేరు చెప్పి ఎన్ని అభిప్రాయాలు రాశారో తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

నేను పుట్టింది సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. అక్కడ ఒకమ్మాయి నా గాజు మీద స్వచ్ఛమైన నీటి చుక్క వేసి, వీపు మీదున్న చిన్న మర తిప్పి, గీతను సరిగ్గా సున్నా మీద నిలబెట్టింది. నీళ్ళంటే సున్నా. నేను నేర్చుకున్న చదువు అంతే. ఆ ఒక్కటీ సరిగ్గా ఉంటే మిగిలిన అంకెలన్నీ వాటంతట అవే సరిగ్గా ఉంటాయి.

అట్టపెట్టెలో పడుకుని హిందూపురం దగ్గర ఒక వైను కంపెనీకి చేరాను. అక్కడి క్షేత్రాధికారి ఫణీంద్ర నన్ను చొక్కా జేబులో పెట్టుకుని తోటతోటకూ తిరిగేవాడు. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చినవాడు, వ్యవసాయం చదివినవాడు. మంచివాడే కానీ కంపెనీ పెద్దసారు ఫోను చేస్తే మంచితనం కాస్త పక్కన పెట్టేవాడు.

నేను వచ్చిన ఏడాది ద్రాక్షకు కరువు. ఎక్కడెక్కడో అకాల వర్షాలకు తోటలు కుళ్ళిపోయాయి. మూడు కంపెనీల వ్యాన్లు ఒకే తోట ముందు నిలబడి హారన్లు కొట్టుకునేవి. ఇరవైకి తక్కువైతే కొనకూడదని ఒప్పందం. నేను పదిహేడు చూపించేదాన్ని. ఫణీంద్ర ఒకసారి నన్ను చూసి, ఒకసారి పక్క కంపెనీ వ్యాను వంక చూసి, ఇరవై అని రాసేవాడు. ఆ ఏడాది పుల్లటి కాయ కూడా నా పుణ్యాన తియ్యనైంది. ధర రెట్టింపైంది.

మరుసటి ఏడాది ధర ఇంకొంచెం పెరిగింది. పెద్దసారు ఆఫీసులో రెండేళ్ళ ధరలకు రెండు చుక్కలు పెట్టి, స్కేలుతో గీత గీసి, ఆ గీతను కాగితం అంచు దాకా లాగాడు. కాగితం అక్కడితో అయిపోయింది కాబట్టి ఆగాడు గానీ, లేకపోతే గోడ మీద కూడా గీసేవాడే. ఆ గీతను ఊరూరా చూపించి రైతుల చేత తోటలు పెట్టించారు. జనం మల్బరీ పీకి ద్రాక్ష నాటారు. తీగ కాపుకొచ్చేసరికి రెండు మూడేళ్ళు పడుతుందనీ, అందరి తీగలూ ఒకేసారి కాపుకొస్తాయనీ ఆ గీతలో ఎక్కడా లేదు.

అలా నాటినవారిలో పాలకుంట ఊరి అంజినమ్మ ఒకతె. ఉన్నది ఎకరం. మొగుడు నరసింహప్ప పట్టుపురుగులే మేలని మొత్తుకున్నా ఆమె చెవిన వేసుకోలేదు. వైనుకు పండించే ద్రాక్ష చిన్న కాయ, నిండా గింజలు, మందం తోలు. బజార్లో ఎవరూ కొనరు. కంపెనీ కొంటే పంట, కొనకపోతే పిట్టల మేత. ఆమె మాత్రం ఆ తీగల్ని పసిబిడ్డను సాకినట్టు సాకింది.

నాలుగో ఏడాది అందరి పంటా ఒక్కసారిగా ఊడిపడింది. కంపెనీ పీపాల్లో పాత వైనే కదలకుండా ఉంది. ధర సగానికి పడింది. సరిగ్గా ఆ సీజను మొదటి రోజున నా చదువు పాడైంది.

ఏడాదికోసారి నన్ను స్వచ్ఛమైన నీటితో సున్నాకు సరిచేయాలి. అందుకోసం కంపెనీ ఒక సీసా ఇచ్చింది. దాన్ని డ్రైవరు జీపు బ్యాటరీలో పోసేశాడు. ఫణీంద్ర మొదటి తోటకు చేరేసరికి సీసా ఖాళీ. ఆ తోట రంగప్పది. ఎండలో వచ్చిన మనిషికి మర్యాద చేయకుండా మాట్లాడడం ఆ ఊళ్ళో లేదు. రంగప్ప లేత టెంకాయ కొట్టి చేతికిచ్చాడు.

ఫణీంద్ర సగం తాగి, "ఇవీ నీళ్ళేగా" అని నా గాజు మీద రెండు చుక్కలు వేశాడు. గీత ఐదు మీద నిలబడింది. నాకు నోరు లేదు. ఉంటే మొత్తుకునేదాన్ని. అతను మర తిప్పి ఐదును సున్నా చేశాడు. ఆ క్షణం నుంచి ప్రతి తోటకూ ఐదు తక్కువ చెప్పడం మొదలుపెట్టాను. మొట్టమొదట రంగప్ప తోటకే చెప్పాను.

కరువు ఏడాదిలో ఈ తప్పు గంటలో బయటపడేది. పదిహేను అంటే ముగ్గురు మేనేజర్లు పరిగెత్తుకొచ్చి నన్ను విప్పి చూసేవారు. ఇప్పుడు మాత్రం పదిహేను అన్నా, పదహారు అన్నా ఆఫీసులో ఎవరికీ బాధ కలగలేదు. పైగా కొనక్కర్లేదని హాయిగా ఉంది. పెద్దసారు పది రోజుల్లో ఒక నివేదిక రాసేశాడు. ఎండలు మారడం వల్ల ఈ ప్రాంతపు ద్రాక్షలో తీపి ఐదు డిగ్రీలు పడిపోయిందట. రంగురంగుల బొమ్మలు, చివర విదేశీ నిపుణుల పేర్లు. ఇరవై రెండు తోటల్ని వద్దన్నారు. ఏడుగురు తీగలు పీకించేశారు. రంగప్ప అందరికంటే ముందు పీకించి, మళ్ళీ మల్బరీ కట్టెలు నాటాడు.

ఇరవై మూడోది అంజినమ్మ తోట. పక్క చేలో జేసీబీ తీగలు పీకుతోంది. ఈరోజు కంపెనీ వద్దంటే రేపు మన తోటలోకి రమ్మని నరసింహప్ప దాని డ్రైవరుతో మాట్లాడి ఉంచాడు. ఆమెకు ఆ సంగతి తెలుసు. తెలిసే ఫణీంద్ర చేతికి టెంకాయ ఇచ్చింది. అతను తాగాడు, బాగున్నాయన్నాడు, కాయ చిదిమి రసం వేసి చూశాడు.

"పదహారమ్మా. నేనేం చేయలేను."

ఆమె కదల్లేదు. "నేనొకతూరి చూస్తానప్పా" అని చేయి చాపింది.

నాలుగేళ్ళలో కాయ పండించిన మనిషి నాలోకి చూడడం అదే మొదలు. నన్ను చూడ్డానికి చదువు కావాలని రైతులు అనుకునేవారు. కావాలని ఆఫీసరు కూడా అనుకున్నాడు. అంజినమ్మ కన్ను ఆనించి చాలాసేపు చూసింది. పదహారే. ఒప్పుకుంది. తర్వాత గాజును కొంగుతో తుడిచి, ఊరికే, దీని సంగతేమో చూద్దామన్నట్టు, అతను తాగి పక్కన పెట్టిన టెంకాయ నుంచి ఒక చుక్క వేసింది. మళ్ళీ చూసింది.

"సారూ, ఈ నీళ్ళు ఎట్లుండాయి?"

"బాగున్నాయన్నాగా, తియ్యగా ఉన్నాయి."

"దీంట్లో సున్నా అంటాండాది. నీ నాలిక తప్పా, ఇది తప్పా?"

ఫణీంద్ర నన్ను లాక్కుని చూశాడు. గీత సున్నా మీదే, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా. డ్రైవరు తాగే మంచినీళ్ళ సీసా తెప్పించి చుక్క వేస్తే గీత అంకెల కిందికి జారి మాయమైంది. పక్కకు వెళ్ళి పెద్దసారుకు ఫోను చేశాడు. నేను అతని చేతిలోనే ఉన్నాను కాబట్టి అంతా విన్నాను.

"నివేదిక హెడ్డాఫీసుకు వెళ్ళిపోయిందయ్యా. చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు ఎండలు కాదు, టెంకాయ అని చెప్పమంటావా? సీజను అలాగే కానిచ్చెయ్."

ఫణీంద్ర ఫోను జేబులో పెట్టాడు. తిరిగి చూస్తే అంజినమ్మ ఇంకా అక్కడే, చేతిలో గుత్తితో. ఆమె చూపు తిప్పుకోలేదు. అతను మంచినీళ్ళ చుక్కతో నా మర సరిచేశాడు. ఆ గుత్తి రసమే వేశాడు. ఇరవై ఒకటి. ఇరవై ఒకటనే రాసి, సంతకం చేసి, కాగితం ఆమెకిచ్చాడు. సంతకం పడ్డాక కంపెనీ కొనక తప్పలేదు. ధర సగమే. అయినా తీగలు నిలబడ్డాయి. జేసీబీ పక్క దారిన వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఫణీంద్ర రంగప్ప దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. రంగప్ప పీకేసిన మోడుల కుప్ప పక్కన కూర్చుని విన్నాడు.

"అయితే మా టెంకాయ అంత తియ్యగుండెనన్న మాట" అన్నాడు చివరికి. తిట్టి ఉంటే ఫణీంద్ర తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాడు.

కంపెనీ విచారణ జరిపించింది. తప్పు డ్రైవరుది కాదు, అధికారిది కాదు, పెద్దసారుది అసలే కాదు. పరికర దోషం అని తేల్చి నన్ను తుక్కులో వేయమన్నారు. నివేదిక మాత్రం ఈనాటికీ బీరువాలో భద్రంగా ఉంది. ఫణీంద్రను సీసాలు లెక్కపెట్టే గోదాముకు మార్చారు. వెళ్ళే ముందు అతను నన్ను తుక్కులో వేయకుండా తెచ్చి అంజినమ్మ చేతిలో పెట్టాడు. ఆమె నన్ను కళ్ళకు అద్దుకుని మోటారు షెడ్డు గూట్లో దాచింది.

వద్దన్న తోటల్ని కంపెనీ మళ్ళీ చూడలేదు, మిగిలినవారూ తీగలు పీకేశారు కాబట్టి తర్వాతి ఏడాది ద్రాక్షకు మళ్ళీ కరువు. పాలకుంటలో నిలిచిన తోట అంజినమ్మదొక్కటే. ఆమె గేటు ముందు రెండు వ్యాన్లు హారన్లు కొడుతున్నాయి. కొత్త ఆఫీసరు మెరిసే కొత్త యంత్రంతో వచ్చి, చూసి, వెనక వ్యాను వంక చూసి, ఇరవై మూడు అని రాయబోయాడు. ఆమె పొద్దున్నే నాతో చూసుకుంది.

"ఇరవై ఒకటి సార్."

"ఎక్కువే రాస్తున్నానమ్మా. లాభం మీకే."

"తెలుసప్పా. ఈ ఏడు రెండు ఎక్కువ రాస్తే కిమ్మనకుండా ఉంటి అనుకో. ఇంకో ఏడు నువ్వు ఐదు తక్కువ రాసినప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని అడగల్ల? ఉన్నదే రాయి."

వెనక నుంచి నరసింహప్ప గుడ్లురిమాడు. ఆఫీసరు వింతగా చూసి, కొట్టేసి, ఇరవై ఒకటి రాశాడు.

నేను సరిగ్గా చూపిన అంకె ధరను బట్టి పెరగకుండా, తరగకుండా కాగితమెక్కడం అది రెండోసారి. మొదటిసారి రాసిన మనిషిని గోదాముకు మార్చేశారు. ఈసారి రాయించిన మనిషిని మార్చడం ఎవరి వల్లా కాదు. తోట ఆమెది.