ఎదురుగాలిలో వంతు

“కారు మీద ఒక్క సైకిలే పడుతుందంటే అది నా తప్పా అమ్మాయ్?” అంది అత్తగారు.

రాత్రి భోజనాల దగ్గర మొదలైన గొడవ తెల్లారి కాఫీల దాకా వచ్చింది.

“మీ మామయ్య మోకాలి సంగతి నీకు తెలీనిదా? అంత దూరం తొక్కుకుంటూ వెళ్ళి, అక్కడ మళ్ళీ పోటీలో తొక్కమంటావా ఆయన్ని?”

“మరి నేను తొక్కుకుంటూ వెళ్ళచ్చా అత్తయ్యా?”

“నీకేం, చిన్నదానివి.”

“ఇద్దర్లో ఒకరు మానేస్తే కారూ సరిపోతుంది, ఇల్లూ ప్రశాంతంగా ఉంటుంది,” అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఆ ఒకరు ఎవరో అతను చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

మామగారు వరండాలో టైర్లకి గాలి కొడుతున్నాడు. ఒక్క మాటా వినిపించనట్టు పంపు మీదే ధ్యాసంతా పెట్టాడు. ఆయన మూడేళ్ళుగా ఈ పోటీలో రెండోవాడిగానే వస్తున్నాడు. మొదట వచ్చినవాళ్ళకే పెద్ద పోటీకి పిలుపు వస్తుంది. ఆడవాళ్ళకి విడిగా పోటీ పెట్టేంతమంది లేరని నిర్వాహకులు కోడల్ని కూడా తీసుకెళ్ళి యాభై దాటిన మగవాళ్ళలో కలిపేశారు. కాబట్టి ఆ పిలుపు కావాలంటే ఆమె కూడా వీళ్ళలోనే మొదట రావాలి.

ఆమె కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, హెల్మెట్ పెట్టుకుని తన సైకిలెక్కి బయల్దేరింది.

ఆ పెద్దమనుషుల్లో ఒక పద్ధతి ఉంది. ఎదురుగాలిలో ముందున్నవాడికే కష్టమంతా. వెనక నక్కినవాడికి సగం శ్రమ తప్పుతుంది. అందుకని వంతులవారీగా ముందుకొచ్చి లాగుతారు. ముందున్నవాడు అలిసి మోచెయ్యి కదిపితే వెనకున్నవాడు అందుకోవాలి. వంతు లాగనివాడు చివర్లో గెలుపు కోసం పోటీ పడకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు గాని, తప్పినవాడికి పోటీ అయ్యాక టీ బల్ల దగ్గర పలకరింపు కూడా దక్కదు.

చిక్కేమిటంటే ఆమెకి వాళ్ళు వంతే ఇవ్వరు. పోయినసారి ఆమె ముందుకి రాబోయినప్పుడల్లా వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు చటుక్కున దాటేసి, “నీకెందుకమ్మా ఈ గాలి, వెనక హాయిగా ఉండు,” అన్నాడు. చివర్లో ఆమె ముగ్గుర్ని దాటేసరికి టీ దగ్గర అదే డాక్టరు, “మా వీపుల చాటున వచ్చి మమ్మల్నే దాటావు, గడుసుదానివే,” అని నవ్వాడు. అందరూ నవ్వారు. మామగారు మాత్రం గ్లాసులో చక్కెర కరిగిపోయాక కూడా చెంచా తిప్పుతూనే కూర్చున్నాడు.

ఈసారి వాళ్ళు ఇచ్చేదాకా ఆగకూడదని ఆమె అనుకుంది.

కాలువ పక్క రోడ్డు ఎక్కగానే గాలి ముఖాన కొట్టింది. ఎనిమిదిమంది మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు తలలు దించుకున్నారు. రిటైరైన బ్యాంకు మేనేజరు ముందు లాగి లాగి మోచెయ్యి కదిపాడు. ఆమె పక్కకి తీసి ముందుకొచ్చింది. వెంటనే డాక్టరు చక్రం ఆమె పక్కన కనబడింది.

“నువ్వుండమ్మా, నేను చూసుకుంటా.”

“ఇది నా వంతు డాక్టరుగారూ.”

“మాట వినాలి.”

ఆమె వినలేదు. గేరు మార్చి వేగం పెంచింది. డాక్టరు కాసేపు పక్కపక్కనే తొక్కాడు. ఊపిరి ఎగపోస్తూ ఏదో అన్నాడు గాని గాలికి కొట్టుకుపోయింది. తర్వాత ఆ చక్రం వెనకబడింది. తొడల్లో నిప్పు రాజుకుంటోంది. వెనక్కి తిరిగితే వేగం తగ్గుతుందని ఆమె తిరగలేదు. గొలుసుల చప్పుడు ఒక్కొక్కటే వెనకబడిపోతోంది. చివరికి ఒక్క సైకిలు చప్పుడు మాత్రం మిగిలింది.

అది ఎవరిదో ఆమెకి చూడకుండానే తెలుసు. రోజూ తెల్లవారుజామున గేటు దగ్గర వినే చప్పుడే.

మోచెయ్యి కదిపింది. ఎవరూ రాలేదు. మళ్ళీ కదిపింది.

“మామయ్యా, మీ వంతు.”

“మోకాలు పట్టేసిందమ్మా,” అన్నాడాయన. “కొంచెం నువ్వే లాగు.”

ఆమె లాగింది. నోరు ఎండి నాలుక అంగిలికి అంటుకుపోయింది. పాపం, ఇంత దూరం వచ్చాక ఆయన్ని వదిలేసి పోతే ఇంట్లో ముఖం ఎలా చూడటం అనుకుంటూ, ఆయన అందుకోగలిగేటంత వేగంలోనే తొక్కింది. వంతెన దాటాక ఇంకోసారి అడిగింది. “ఇంకొంచెం,” అన్నాడు. గొంతులో ఆయాసం లేదు. అది అప్పుడే పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు.

ముగింపు గీత దగ్గర జనం కనిపించేసరికి ఎడమపక్క నుంచి ఒక నీడ దూసుకొచ్చింది. మామగారు పెడళ్ళ మీద నిలబడి తొక్కుతున్నాడు. ఏ మోకాలూ ఆయన్ని ఆపడం లేదు. ఆమె పళ్ళు బిగించి ఉన్న బలమంతా పెట్టింది. ఆమె ముందు చక్రం ఆయన వెనక చక్రాన్ని చేరింది, పెడల్ని చేరింది. అంతలోనే గీత వచ్చేసింది.

అందరూ ఆయన వీపు చరిచారు. “ఏమైనా ఒక్క వంతు లాగారా?” అని ఎవరూ అడగలేదు. చివరిదాకా వెనక ఉండి చూసినవాళ్ళు ఎవరూ లేరు. అడిగినా, కోడలే కదా అనేవాళ్ళేమో.

ఆయన టీ బల్ల వైపు నడిచాడు. ఆమె నిర్వాహకుల గుడారంలోకి వెళ్ళి, కాసేపటికి బయటికొచ్చి, ఒంటరిగా ఇంటికి తొక్కింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారి ముఖం వెలిగిపోతోంది. “మూడేళ్ళ కోరిక తీరింది,” అంటూ మొగుడికి మారు వడ్డించింది. భర్త కూడా హుషారుగానే ఉన్నాడు.

“పోనీలే, మొదటిదీ రెండోదీ మనింటికే వచ్చాయి. ఎవరైతేనేం?”

“తాతయ్యకీ అమ్మకీ ఒకే కప్పు ఇస్తారా?” అంది ఎనిమిదేళ్ళ కూతురు.

మామగారు కంచంలో అన్నం కెలుకుతున్నాడు.

“నువ్వంత బాగా లాగుతావనుకోలేదు,” అన్నాడు చివరికి, ఆమె వైపు చూడకుండా. “నాకు ఇక ఎన్నేళ్ళున్నాయి చెప్పు. నువ్వు ఇంట్లోదానివే కదా, అర్థం చేసుకుంటావనుకున్నాను.”

“ముందున్నది బయటివాడైతే మీరు ఒక్క వంతైనా లాగేవారు కదా మామయ్యా?”

అత్తగారి చేతిలో గరిటె ఆగింది. ఏం జరిగిందో ఆవిడకి పూర్తిగా అర్థం కాకపోయినా, ఏదో జరిగిందని మాత్రం అర్థమైంది.

“ఏంటి గొడవ?” అన్నాడు భర్త.

“గొడవేం లేదు.” ఆమె కూతురి కంచంలో పెరుగు వేసి, గిన్నె మీద మూత పెట్టింది. “వచ్చే ఆదివారం కుర్రాళ్ళ పోటీ ఉంది. అందులోంచి కూడా ఒకర్ని పెద్ద పోటీకి పంపుతారు. నేను పేరు ఇచ్చి వచ్చాను.”

“పాతికేళ్ళ వాళ్ళతోనా?” అన్నాడు మామగారు. ఈసారి తలెత్తి చూశాడు. “నిన్ను మొదటి మలుపులోనే వదిలేసి పోతారమ్మా.”

“పోతే పోతారు,” అంది ఆమె. “పెద్దవాళ్ళతో మాత్రం ఇంక తొక్కను.”