తౌనో సార్ సంతకం

ఆ పొద్దు ఎండ రాకముందే ఆకాశం తెల్లగా కాగిపోయింది. మేముండే ఫింటాస్ తీరాన సముద్రం మీద దుమ్ము తెర దిగి ఉంది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి ఇరవై రోజులు దాటింది.

తౌనో సార్ ఇంట్లో నేను వంటవాణ్ణి. ఆయనది ఫిన్లాండ్. కాగితం మిల్లులో కూలీగా చేరి, యూనియన్ నడిపి, సోషల్ డెమోక్రాట్ పార్టీ తరఫున గెలిచి, కార్మిక మంత్రి అయ్యాడు. ఒక సమ్మెలో యజమానుల కాగితం మీద సంతకం పెట్టాడని ఆ మిల్లు కూలీలే తర్వాతి ఎన్నికల్లో ఓడించారు. తర్వాత ఇక్కడి కంపెనీకి కూలీల విషయాల్లో సలహాదారుగా వచ్చాడు. ఇదంతా తింటూ ఆయన చెప్పిందే. రోజూ ఎదురు కుర్చీ చూపించేవాడు. నేను వంటింట్లో నిలబడి తినేవాణ్ణి.

కంపెనీ బస్సు డ్రైవర్ మాబు వచ్చాడు.

"పెంచలన్నా, మధ్యాహ్నం జోర్డాన్‌కు పోతాండాం. పాస్‌పోర్ట్ తెచ్చుకో, యల్లా!"

"ఆఫీసు బీరువాలో కదప్పా ఉండేది."

"వీసా ఇచ్చిన కఫీల్ పారిపాయె. బీరువా నిన్ను జోర్డాన్‌కు ఎత్తుకపోతాదా?"

తెల్లవాళ్ళను సైనికులు పట్టుకుపోతున్న రోజులు. అయినా సార్ తలకు గుడ్డ చుట్టుకుని మా వెంట బస్సెక్కాడు. మంగఫ్‌లో ఆఫీసు తలుపు పగిలి ఉంది. బీరువా ఉన్నచోట నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. గోడ మీద మాత్రం నోటీసు అట్లాగే ఉంది: కూలీల పాస్‌పోర్టులు భద్రత కోసం కంపెనీ దగ్గరే ఉండాలి. కింద సంతకం. చివర తోకలా పైకి లేచే గీత. వారం వారం నా సరుకుల చీటీ మీద సార్ పెట్టే గీతే.

నేను సార్ వైపు చూశాను.

"భద్రం అన్నారు. నమ్మాను," అన్నాడు ఇంగ్లీషులో. "అక్కడ మిల్లు కాగితం మీద కూడా ఇంతే," అన్నాడు.

జేబులోంచి కాగితం తీసి, ఈ మనిషి పేరు పెంచల్, నా వంటవాడు, పోనివ్వండి అని రాసి సంతకం పెట్టాడు. కింద 'మాజీ మంత్రి' అని చేర్చాడు.

మాబు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మొహర్ యాడ సారూ? ముద్ర లేని ఈ గీతకు బార్డర్‌లో టీ కూడా పొయ్యరు." తెలుగులోనే అన్నాడు. సార్‌కు అర్థమైనట్టే ఉంది. తల దించుకున్నాడు.

"నువ్వు పో మాబూ," అన్నాను. "ఇంట్లో వాళ్ళకు బాగుండానని చెప్పు."

ఇంటికొచ్చి అన్నం, పప్పు వండాను. సార్ ఈసారి కుర్చీ చూపించలేదు. నేనే లాక్కుని కూర్చున్నాను. కింద రోడ్డు మీద జోర్డాన్‌కు పోతున్న మాబు బస్సు హారన్ రెండుసార్లు మోగింది. ఆయన నా కంచంలో పప్పు వేశాడు. ఇద్దరం తలెత్తకుండా తిన్నాం.