బతికున్న ఇంటిపేరు

ఉలి ఒకసారి తగిలింది. రాతి పొడి తెల్లగా లేచి, నల్ల కోటు చేతి మీద వాలింది.

యున్‌షియాంగ్ దులుపుకోలేదు.

కొండవాలున, వాల్‌నట్ చెట్ల కింద, భర్త సమాధి. రాయి మీద ఆయన పేరు — జియాంగ్ కైషెంగ్. అక్షరాలు తిన్నగా ఉన్నాయి. ఆమే రాసిచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు నల్లబల్ల మీద రాసిన చేయి.

తప్పు అక్కడే జరిగింది.

ఈ ఊళ్లో బతికినంత కాలం జియాంగ్. పోయాక యేలూ.

ఒకప్పుడు ఉత్తరాన రాజ్యమేలిన ఖితాన్ల ఇంటిపేరది. రాజ్యం పోయింది. సైనికులై ఈ దక్షిణపు కొండలకు వచ్చారు. బతకడానికి పేరు మార్చుకున్నారు. సమాధి రాయి మీద మాత్రం మార్చలేదు... పాత పేరు లేకపోతే అవతలి లోకపు పెద్దలు గుర్తుపట్టరని.

ఆమె పొరుగూరి పిల్ల. అయినా పెళ్లయిన ఏడాదే ఇదంతా తెలిసింది.

తెలిసీ, చేయి జియాంగ్ అనే రాసింది.

“ఏమ్మా, మావాణ్ణి ఇంకా బడికి పంపిస్తున్నావా?” అన్నాడు మామయ్య, భర్తకు పెదనాన్న. “బతికున్నోడి పేరు పెట్టి నిలబెట్టావు. అక్కడ మా ముసలోళ్లు వీడెవడ్రా అంటారు.”

ఆయన జేబులో ఉత్తరం ఉంది. నగరం నుంచి వచ్చింది.

పోయిన శరత్కాలంలో నగరపు ప్రయోగశాల నుంచి ఇద్దరమ్మాయిలు వచ్చి మగవాళ్ల ఉమ్మి గొట్టాల్లో పట్టుకెళ్లారు. ఖితాన్ల వారసులు ఎవరో తేలుస్తారట. కైషెంగ్ నవ్వాడు. “ఉమ్మితే చాలా? ఇన్నాళ్లూ ఊరికే ఉమ్మేశానే!”

చలికాలం మొదట్లో ఆయన గుండె ఆగింది.

ఉత్తరంలో ఆయన పదిహేడో నమూనా. పేరు లేదు. ఉత్తరాదిన తవ్విన ఖితాన్ సమాధిలోని ఎముకకూ పేరు లేదు.

పేరు లేని ఎముక, పేరు లేని ఉమ్మి — ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి.

“కాగితమే చెప్పింది కదమ్మా, మనం యేలూలమని!” అన్నాడు మామయ్య. “ రేపే సమాధుల పండగ. ఊరంతా పైకి వస్తుంది. ఇక మార్చాల్సిందే.”

“వేలెడు మందం తీసేస్తే చాలక్కా,” అన్నాడు రాళ్లు చెక్కే డువాన్. “కొత్త రాయిలా ఉంటుంది. పాత పేరు ఆనవాలు కూడా ఉండదు.”

ఆనవాలు కూడా ఉండదు.

పెద్దల దగ్గరికి ఆయన చేరాలి. చేరకపోతే ఎవరికీ కాకుండా పోతాడు. అది ఆమెకు తెలుసు.

కానీ ఆమె యేలూ కైషెంగ్‌తో ఒక్క పూట కూడా గడపలేదు. ఎండాకాలం గొడుగు మరిచిపోయేవాడు, వానాకాలం కళ్లద్దాలు మరిచిపోయేవాడు, నూడుల్స్‌లో కారం ఎక్కువైతే ఆమె గిన్నె లాక్కునేవాడు... ఆ మనిషి జియాంగ్.

డువాన్ ఉలి పేరు మీద ఆనించాడు. సుత్తి ఎత్తాడు.

“కొట్టమంటావా అక్కా?”

“ఒక్కసారి పిలవనీ తమ్ముడూ.”

హాజరు పిలిచినట్టే పిలిచింది. గొంతు పెంచలేదు.

“జియాంగ్ కైషెంగ్.”

చివరి బల్ల పిల్లాడి కోసం ఎంతసేపు ఆగుతుందో అంతసేపు ఆగింది.

మామయ్య తల తిప్పుకున్నాడు. సుత్తి పైనే ఉంది.

గాలి వచ్చింది. అక్షరాల గాడుల్లోంచి పొడి తెల్లగా లేచి, నల్ల కోటు చేతి మీద వాలింది.

యున్‌షియాంగ్ దులుపుకోలేదు...