అయిపోకముందే

"మళ్ళీ అయిపోయిందా? నేను కొట్టుకునేది రెండు చంకలకే కదే! దీంతో ఎవరైనా స్నానం చేస్తున్నారా ఏం?" బాత్రూంలోంచి మా ఆయన కేక. ఖాళీ స్ప్రే డబ్బా చేతిలో ఊపుతున్నారు.

"అరలో కొత్తది ఉందండీ" అన్నాను, పొయ్యి దగ్గర నుంచే. ఉండకపోవడమేమిటి! ఈ ఇంట్లో ఏది అయిపోయినా తప్పు నాదే. సబ్బు అయిపోతే నా మతిమరుపు, గ్యాస్ అయిపోతే నా దుబారా. అందుకే పదహారేళ్ళుగా ఏదీ అయిపోకముందే తెచ్చి పెట్టేస్తున్నాను. ఆఫీసులోనూ అంతే. ప్రింటర్‌లో కాగితాలు అయిపోతే ఎనిమిదిమంది మగవాళ్ళు కుర్చీలు తిప్పి నా వంకే చూస్తారు. "మేడమ్ ఉండగా మనకేం దిగులు!" అంటాడు మేనేజరు, అదేదో బిరుదు ఇచ్చినట్టు.

ఆర్నెల్లుగా స్ప్రే నెలకొకటి కాదు, వారానికొకటి పోతోంది. ఆయన తిడతారని, వీలైనంతవరకూ ఆయన కంటపడకముందే మారుస్తూ వచ్చాను. తొమ్మిదో తరగతి చదివే మా పిల్ల తలగడ గలీబు ఉతకడానికి తీస్తే ఘాటు వాసన. దాని పెదాల చుట్టూ ఎర్రటి పొక్కులు. "వయసొచ్చిన పిల్ల, మొటిమలు రావా ఏం?" అన్నారు అత్తగారు. తలనొప్పని బడి మానేస్తే "అన్నీ నీ పోలికలే, ఒళ్ళు వంగదు" అన్నారు. కంచం ముందు కూర్చుని ఊరికే నవ్వేది, మాట తడబడేది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక మరి. సరిగ్గా చూస్తే ఏదో ఒకటి చెయ్యాలి, ఆ చెయ్యాల్సిందీ నేనే.

నిన్న సాయంత్రం మడతపెట్టిన బట్టలు పట్టుకుని దాని గదిలోకి వెళ్ళాను. మంచానికీ గోడకీ మధ్య నేలమీద కూలబడి ఉంది. ముక్కుకి అదుముకున్న, స్ప్రేతో తడిసిన మేజోడు, ఒళ్ళో డబ్బా, చూపు ఎటో. కిటికీ బార్లా తెరిచి, పిల్లని నా మీదికి లాక్కుని కూర్చున్నాను. అది కాస్త తేరుకున్నాక అడిగాను.

"ఎందుకే తల్లీ?"

"బుర్రలో గోల కాసేపు ఆగుతుందమ్మా."

కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఆ గోల నాకు మాత్రం తెలియదా!

ఆయన ఇంటికి రాగానే చెప్పాను.

"డాక్టరా? ఊరంతా టముకు వేస్తావా? ఏం పెంపకమే నీది! ఆ డబ్బాలు బీరువాలో పెట్టి తాళం వెయ్యి. ఎవరికీ తెలియకుండా నువ్వే సర్దెయ్, నీకు అలవాటేగా" అన్నారు.

అలవాటే. ఈ ఉదయం పొయ్యి వెలిగించలేదు, ఆఫీసుకి ఫోనూ చెయ్యలేదు. పిల్లని బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకొచ్చాను.

డాక్టరమ్మ దాని గుండె చూసింది, పొక్కులు చూసింది. ఈ స్ప్రే ఒక్కసారి పీల్చినా గుండె ఆగిపోవచ్చని మెల్లగా చెప్పింది.

"మీకెప్పుడు తెలిసిందమ్మా?" అని అడిగింది.

నిన్ననే అనబోయాను. పిల్ల తల వంచుకుని గోళ్ళు గిల్లుకుంటోంది, ఈ తప్పంతా తన ఒక్కదానిదే అన్నట్టు.

"ఆర్నెల్లయింది డాక్టర్‌గారూ" అన్నాను. "అయిపోయినప్పుడల్లా కొత్త డబ్బా తెచ్చి పెట్టింది నేనే."