ఎడమ తొడ

చెవి మీద పెన్సిలు, చేతిలో తడిగుడ్డ. నూరుద్దీన్ చింతమొద్దును తుడిచి, ఒక్కడుగు వెనక్కి వేసి, కొక్కేనికి వేలాడుతున్న పొట్టేలు తొడను వేళ్లతో తడిమాడు. పెన్సిలు తీసి పాత క్యాలెండరు కాగితం వెనుక మరో గీత గీశాడు.

హాలియాలో ముప్పై ఏడేళ్లుగా మాంసం కొడుతున్న మనిషికి ఆ ఆదివారం బొమ్మ పిచ్చి పట్టింది. దుకాణానికి కొత్త ఫ్లెక్సీ కావాలి. ఫ్లెక్సీలు చేసే నవీద్ పొద్దున్నే వచ్చి ఫోనులో ఏదో తొడ ఫొటో చూపించాడు.

"గది మన తొడ కాదు. పొద్దుగూకినంక రా, నేనే గీసిస్త."

"చూసినోళ్లల్ల ఒక్కరన్న తొడ అన్నరంటే అచ్చేస్త చాచా," అని నవీద్ నవ్వుతూ పోయాడు.

మొదట టీచరు మంజులత చూసింది. "సొరకాయ మంచిగ గీసినవ్ భాయ్."

"సొరకాయ గాదు మేడం, వీణె," అన్నాడు వెనకాల నిలబడ్డ ఆటో పర్వతాలు. "పాట గిట్ల నేర్సుకుంటున్నవా భాయ్?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నూరుద్దీనే నవ్వాడు గానీ, లోపల ఎక్కడో ఒక ముల్లు. తప్పు గీశాడా? కాదు. వాళ్లు పైనుంచి చూస్తున్నారు. అతని చెయ్యి ఇన్నేళ్లూ లోపలినుంచే చూసింది. కీలు ఎక్కడ వదులవుతుందో, కత్తి ఎక్కడ దానంతటదే దిగుతుందో దానికి తెలుసు. పెన్సిలు కూడా ఆ దారినే పోయింది. పదకొండింటికల్లా అసలు తొడ ముక్కలై పర్వతాలు సంచిలోకి వెళ్లిపోయింది. బొమ్మ మిగిలింది.

మధ్యాహ్నం గొర్లు కాసే గోపమ్మ వచ్చింది. నిన్న అతనికి పొట్టేలును అమ్మి, దాని మెడ పలుపు మరిచిపోయింది. అమ్మిన జీవంతోపాటు పలుపు కూడా పోతే మంద నిలవదని ఆమె నమ్మకం.

"పలుపేదిరా నూరూ? బువ్వ గూడ తినబుద్ధి కాలే."

"గుంజకే ఉంది అక్కా. గీ సొరకాయ గూడ తీస్కపో," అంటూ కాగితం చూపించాడు.

గోపమ్మ కళ్లు చికిలించింది. "సొరకాయేంది? తొడ. ఎడమది." ఆమె వేలు కిందికి జరిగి ఎముక మీది బుడిపె దగ్గర ఆగింది. "ఓరి, గిది మా పొట్టేలుదే గదరా! పిల్లప్పుడు కాలువగట్టు మీదికెల్లి దుంకి కాలిరగ్గొట్టుకున్నది. ఎదురు బద్దలు పెట్టి నేనే కట్టిన."

"చేతికి తగిలింది అక్కా. ఉన్నది ఉన్నట్టు గీసిన."

"గీసినవ్ గని, బొమ్మల గూడ కుంటుతాంది సూడు!"

ఇద్దరూ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు. పలుపు భుజాన వేసుకుని, ఎదురైన వాళ్లందరికీ ఆ బొమ్మ సంగతి చెప్పుకుంటూ ఆమె బజారు దాటింది.

నూరుద్దీన్ కాగితాన్ని ఖాళీ కొక్కేనికి గుచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్కరన్నారు. చాలు.

సాయంత్రపు అసర్ నమాజుకు లేపుదామని భార్య ఖాతూన్ చాయ్ పట్టుకొచ్చేసరికి ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉంది. పెన్సిలు చెవి మీదే ఉంది. మనిషి లేడు.

పొద్దుగూకాక నవీద్ వచ్చాడు. గోపమ్మ మాట అతని దాకా చేరింది. కాగితాన్ని ముట్టుకోకుండా ఫోనుతో ఫొటో తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచాడు.

ఫ్యాను గాలికి కొక్కెం మీద ఆ ఎడమ తొడ, కాస్త కుంటుతున్నట్టే, అటూ ఇటూ ఊగుతోంది.