మోతలో బేరింగు

మోటార్లు బాగుచేయడం నా పని. ముప్పై ఏళ్లుగా నాది ఒకటే పద్ధతి. తిరుగుతున్న మోటారుకు పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాను. లోపల బేరింగు బాగుంటే సన్నటి జుమ్మనే చప్పుడే ఉంటుంది. పోబోతుంటే గచ్చు మీద ఇసుక తొక్కినట్టు కరకరలాడుతుంది. సగం మంది నా చెవిని నమ్మి నా దగ్గరికే వస్తారు. మిగతా సగం మంది మీటర్లున్న వాళ్ల దగ్గర తిరిగి తిరిగి, అప్పుడు వస్తారు.

అలాంటిది మూడు నెలల కిందట బేకరీలో పిండి కలిపే మిషను మోటారు విని, ఇంకో రెండేళ్లు ఢోకా లేదని చెప్పాను. మూడో రోజే బేరింగు పగిలి మిషను పట్టేసింది. బేకరీ ఆయన దాన్ని మీటర్లున్న వాళ్ల దగ్గరికి పంపేశాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ప్రతి మోటారునూ రెండేసిసార్లు విని, అయినా నమ్మకం లేక, బాగున్న బేరింగులు కూడా మార్చేస్తున్నాను. నా చెవి పోయిందని నాకు తెలిసిపోయింది. చెవి లేని మెకానిక్కు కొట్టుకు తాళం వేసుకోవాల్సిందే. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇంట్లో ఎవరైనా "వినపడిందా?" అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

ఇలా ఉండగా మా అక్క కూతురు పాట కచేరీకి రమ్మని చెవినిల్లు కట్టుకుని పోరడం మొదలుపెట్టింది. పాటంటే మామూలు పాట కాదు. దాన్ని పోస్ట్ పంక్ అంటారట, అందులో మిషన్ల చప్పుళ్లతో చేసే ఎలక్ట్రానిక్ రకమట. పోస్టర్లు ఉండవు, ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకుని వస్తారు. పోయినేడాది ఆ పిల్ల రెండు రోజులు నా కొట్లో కూర్చుని కంప్రెసరునూ గ్రైండరునూ రికార్డు చేసుకుపోయింది. అవన్నీ ఇందులో ఉన్నాయట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా అనుకుని రానన్నాను. మా ఆవిడ ఊరుకోలేదు. బస్సులో కుడివైపు వరసలో కిటికీ పక్కన కూర్చోబోతే, నన్ను ఇవతలికి జరిపి ఆవిడే కూర్చుంది. ఈమధ్య ఆవిడ దౌర్జన్యం మరీ ఎక్కువైంది.

మూతపడిన అచ్చాఫీసు కింద నేలమాళిగ. సాయంత్రం అయిదింటికి దిగాం. ఒక్కటే మెట్లదారి, ఇంకా పోని సిరా వాసన, నల్లచొక్కాల పిల్లలు అరవై మంది. నెరిసిన తలలు మావి రెండే. మేనకోడలు వైర్ల పెట్టెల వెనక నిలబడింది, దాని స్నేహితురాలు బేస్ గిటారు పట్టుకుంది. మొదటి దెబ్బకే నా కంప్రెసరు మోగింది. దాని మీద మా పిల్ల గొంతు. పాడినట్టు లేదు, ఇంటివాళ్లతో నీళ్ల కోసం తగాదా పడినట్టుంది. అయినా నా కొట్టు అంతమందిని గంతులేయిస్తుంటే గర్వంగానే అనిపించింది.

మూడో పాటలో మొదలైంది ఆ కరకర. చివరికి చెవిలోనే మోత మొదలైందనుకున్నాను. కుడిచెవి అరచేత్తో మూశాను, కరకర మాయమైంది. చేయి తీసి ఎడమచెవి మూశాను, కరకర స్పష్టంగా ఉంది. అంటే అది నా తలలోది కాదు, ఈ గదిలోది. తాళంతో సంబంధం లేకుండా పోతోంది. పిల్లలు మాత్రం అదీ పాటలో భాగమే అనుకుని దానికీ తలలూపుతున్నారు.

గోడ పైన, గాలి బయటికి తోసే పెద్ద ఫ్యాను ఉంది. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి దాని రేకు గొట్టానికి ఆనించి, పిడి కుడిచెవికి పెట్టుకున్నాను. ఇసుకే. అప్పటికే కాలిన వాసన మొదలైంది. నన్నూ కచేరీలో మనిషే అనుకున్నారేమో, పిల్లలు మర్యాదగా దారిచ్చి ఫోన్లలో వీడియో తీసుకున్నారు. వేదిక దగ్గరికి పోయి రెండు చేతులూ ఊపాను. మా పిల్ల చూసి అన్నీ ఆపేసింది. కరకర మాత్రం ఆగలేదు. జనం చప్పట్లు కొట్టారు.

"ఇది మాది కాదు" అంది అది మైకులో. "మామయ్యా, ఏంటది?"

"ఫ్యాను బేరింగు. ఆపకపోతే మోటారు అంటుకుంటుంది."

ఎవరో స్విచ్ దగ్గరికి పరిగెత్తారు. ఒక్క క్షణం ఆగమని, ముందు ఆ కరకరను రికార్డు చేసుకుంది మా మేనకోడలు. బుద్ధి ఎక్కడికి పోతుంది? ఫ్యాను ఆగాక విప్పి చూస్తే బేరింగు గుండ్లు ఎండి, పగిలి నా అరచేతిలో రాలాయి. ఒక్కటే మెట్లదారి, అరవై మంది పిల్లలు, మధ్యలో పొగ. తలుచుకుంటే చెమట పట్టింది. ఆ వెంటనే పోయిన ప్రాణం లేచొచ్చింది. అంత మోతలో అరవై మంది కుర్రచెవులు పోల్చుకోలేనిది నా చెవి పట్టింది. మెట్ల కిందా పైనా తలుపులు బార్లా తెరిచి మిగతా పాటలు పాడారు. నేను కూడా తలూపాను.

బేకరీ సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఆ మిషను గోడవారగా ఉంది, కుడిపక్కకు తిరిగే చోటు లేక ఎడమచెవితో విన్నాను. పోయింది ఎడమదే. కుడిది నిక్షేపంగా ఉంది. కొట్టుకు తాళం అక్కర్లేదు.

బస్టాపులో మా ఆవిడకు మొత్తం చెప్పేశాను. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఏడాదయింది మీకు ఆ చెవి సరిగ్గా వినపడక. మీరే చెబుతారని చూస్తున్నా" అంది. "కిటికీ సీటు నాకెందుకనుకున్నారు? ఎడమపక్క కూర్చుంటే నా మాట మీకు వినపడదు."

భోజనాల దగ్గర, మంచం మీద, రోడ్డు దాటేటప్పుడు, ఏడాదిగా ఆవిడ ఎక్కడుందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. కళ్లు తడిశాయి. బస్సు వచ్చింది. కుడివైపు వరస చూసుకుని, ఆవిణ్ణి ముందు ఎక్కనిచ్చాను.